చెవుల రోజు

ఆ బడిలో ఏ గదిలోకి వెళ్ళాలన్నా గడప దగ్గర ఒక పసుపు గీత దాటాలి. గీతకి ఇవతల ఇంటి భాష, అవతల ఆ గది భాష. మొదటి గది ఫ్రెంచి, రెండోది అరబిక్, మూడోది జపనీస్, మెట్ల పక్కన కిటికీలు ఎక్కువున్నది స్పానిష్. పిల్లలు పొద్దున్నే చెప్పులు గూట్లో పెట్టి, ఇంటి భాషని కూడా వాటి పక్కనే వదిలేసి గీత దాటాలని నియమం. చెప్పులైతే వదిలేవాళ్ళు. భాషని మాత్రం ఎంచక్కా లోపలికి తెచ్చేసుకునేవాళ్ళు. ఆరేళ్ళ పిల్లలకి ఎవరు చెప్పగలరు?

టీచర్లకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. వాళ్ళకి ఇంటి భాష రాదు. అంటే, వచ్చు. శుభ్రంగా వచ్చు. పుట్టి పెరిగిందే ఆ ఊళ్ళో. కానీ రానట్టే ఉండాలి. టీచర్‌కి మన మాట అర్థమవుతుందని తెలిశాక ఏ పిల్లైనా నోరు నొప్పెట్టుకుని ఇంకో భాష ఎందుకు మాట్లాడుతుంది అని పెద్ద టీచరమ్మ వాదన. ఆవిడ ఆ బడికి హెడ్. చేరిన రోజే టీచర్ల చేత చేతిలో చెయ్యి వేయించుకుంటుంది. బళ్ళోనే కాదు, బస్సులో కనపడినా బజార్లో కనపడినా సరే, మీ తరగతి పిల్లల ముందు మీకు ఇంటి భాష రాదు, అంతే. ఆ పట్టుదలని ఎవరూ తప్పు పట్టలేరు. ఏడాది తిరక్కుండానే ఆ గదుల్లో పిల్లలు పరాయి భాషలో పోట్లాడుకుంటారు. పోట్లాట వచ్చిందంటే భాష వచ్చినట్టే కదా.

జపనీస్ మాస్టారు ఒకసారి బల్ల కోడుకి కాలి బొటనవేలు కొట్టుకుని "అబ్బా!" అని అరిచాడు. పిల్లలంతా తలలెత్తి చూశారు. ఆయన తేరుకుని, మొహం గంభీరంగా పెట్టి, ఆ మాటని బోర్డు మీద జపనీస్ లిపిలో రాసి, పిల్లలందరి చేతా ముమ్మారు పలికించాడు. ఆ పిల్లలు ఇప్పటికీ అది జపనీస్ మాటే అనుకుంటారు. దెబ్బ తగిలినప్పుడల్లా తమ చదువు చూసి తామే మురిసిపోతారు.

మన స్పానిష్ టీచర్‌కి అంత సమయస్ఫూర్తి లేదు. పైగా ఆవిడకి నవ్వు ఆగదు. ఆ ఉద్యోగంలో అది చిన్న లోపం కాదు. టీచర్‌కి ఏమీ అర్థం కాదన్న ధైర్యంతో పిల్లలు ఆవిడ ముందే అన్నీ మాట్లాడేసుకునేవాళ్ళు. "ఇవాళ టీచర్ జుట్టు చూడు, నిద్రలేచి అలాగే వచ్చేసింది" అనేవాడొకడు. "కాదు, బస్సులో కిటికీ పక్కన కూర్చుంది" అని ఇంకొకతె వెనకేసుకొచ్చేది. ఎవరి నాన్న గురక పెడతాడో, ఎవరింట్లో కుక్కకి పక్కింటాయన పేరు పెట్టారో, అన్నీ ఆవిడ చెవిన పడాల్సిందే. నవ్వు తన్నుకొచ్చినప్పుడు బీరువా తలుపు తెరిచి, అందులో తల దూర్చి, రంగు కాగితాలు వెతుకుతున్నట్టు నటించేది. టీచర్‌కి కాగితాలు ఎక్కడ పెట్టిందీ ఎప్పుడూ గుర్తుండదని పిల్లలు జాలిపడేవాళ్ళు.

బజారుకి వెళ్ళాలంటే అత్తగారిని వెంట తీసుకెళ్ళేది. తరగతి పిల్లలెవరైనా తారసపడితే బేరమంతా అత్తగారే ఆడేది, కోడలు వేళ్ళతో చూపించేది. కూరగాయలావిడ పాపం మూగపిల్ల అనుకుని గుప్పెడు పచ్చిమిరపకాయలు ఊరికే వేసేది. అత్తగారు ఆ మిరపకాయలు వద్దనేది కాదు. ఇంటికొచ్చాక మాత్రం, పొద్దుట్నుంచీ బిగబట్టిన మాటలన్నీ కోడలి నోట్లోంచి గలగలా దొర్లేవి. "బళ్ళో దాచుకున్నదంతా నా మీద కుమ్మరిస్తావేమే, కాస్త ఊపిరి తీసుకో" అనేది అత్తగారు. అంటూనే కుర్చీ దగ్గరికి లాక్కునేది. ఆ కబుర్ల కోసం ఆవిడ మధ్యాహ్నం నిద్ర కూడా మానుకునేది.

అలాంటి తరగతిలో పిచ్చుక ఉండేది.

ఆ పిల్లకి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ బాగా అతికింది. గీతకి ఇవతల ఉన్నంతసేపూ కిచకిచలే. చెప్పుల గూడు దగ్గర మొదలెడితే తన మాట తనే అందుకుని, తన ప్రశ్నకి తనే జవాబు చెప్పుకుని, ఎదుటివాళ్ళకి తల ఊపే పని తప్ప ఇంకేం మిగిల్చేది కాదు. గీత దాటిందా, నోటికి తాళం. స్పానిష్‌లో ఒక్క మాట రాదు. రాదా అంటే, ఎర్ర పెన్సిల్ తెమ్మంటే ఎర్రదే తెచ్చేది. ఏనుగు బొమ్మ వెయ్యమంటే ఏనుగునే వేసేది. కథ చెప్తుంటే అందరికంటే ముందు నవ్వేది. అన్నీ లోపలికి వెళ్తున్నాయి, ఏదీ బయటికి రావట్లేదు. టీచర్ పాటలు పాడింది, బొమ్మలాట ఆడింది, చేతికి మేజోడు తొడిగి దాని చేత మాట్లాడించింది. పిచ్చుక మేజోడుకి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్ళి కూర్చుంది.

ఇది మామూలు సంగతి కాదు, ఎందుకంటే చెవుల రోజు దగ్గరకొస్తోంది.

ఆ బడిలో పరీక్షలు లేవు. దానికి బదులు ఏడాది చివర పెద్ద టీచరమ్మ ఒక్కో గదికీ వచ్చి, వెనక వరసలో పిల్లల చిన్న కుర్చీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని వింటుంది. కాగితం ఉండదు, కలం ఉండదు. అడిగితే చెప్పిన జవాబు లెక్క కాదు, బట్టీపట్టిన పద్యం లెక్క కాదు. ఎవరూ అడక్కుండా, పిల్ల తనంతట తాను, తన అవసరం కొద్దీ ఆ భాషలో ఒక్క మాటన్నా అనాలి. "నా రబ్బరు నాకిచ్చెయ్" అన్నా చాలు. అందుకే పిల్లలు దాన్ని చెవుల రోజు అంటారు. ఆ రోజున అసలు నోరు విప్పనివాళ్ళని పై ఏడాదికి రోడ్డవతల మామూలు బడికి పంపేస్తారు. ఆ బడి చెడ్డదేం కాదు. కానీ పిచ్చుక స్నేహితులంతా ఇక్కడే. మాటలే లోకమైన పిల్లకి వినేవాళ్ళు లేకుండా పోతే ఎలా? టీచర్‌కి ఆ ఆలోచన వస్తే అన్నం సహించేది కాదు.

దానికి తోడు ఇంకో ముల్లు కూడా గుచ్చుకుంటూ ఉండేది. పిచ్చుకని సాయంత్రం తీసుకెళ్ళడానికి వాళ్ళ అమ్మమ్మ వస్తుంది. తల్లి ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ దిగేసరికి చీకటి పడుతుంది. అమ్మమ్మ కుట్టుపని చేస్తుంది. మెడలో టేపు వేసుకునే బడికి వచ్చేస్తుంది, తియ్యడం మర్చిపోయి. ఆ టేపుని చూడగానే మొదటి రోజే టీచర్ గుర్తుపట్టింది. తను చిన్నప్పుడున్న వీధిలో పిల్లలందరి బట్టలూ కుట్టింది ఈవిడే! అమ్మమ్మ కూడా గుర్తుపట్టి, మొహం చాటంత చేసుకుని, "ఏమ్మా, బాగున్నావా? ఎంత పెద్దదానివయ్యావే!" అంది. చుట్టూ తరగతి పిల్లలు. గేటు పక్కనే పెద్ద టీచరమ్మ. టీచర్ నాలుక చివరిదాకా వచ్చిన మాటల్ని మింగేసి, నవ్వి, "ముయ్ బియెన్, గ్రాసియాస్" అంది. చాలా బాగున్నాను, థాంక్స్ అని. అమ్మమ్మ మొహంలో వెలుగు కాస్త తగ్గింది. అయినా ఆవిడ మానలేదు, రోజూ అలాగే పలకరించేది. టీచర్ రోజూ అదే జవాబు చెప్పేది. చెప్పిన ప్రతిసారీ తన మీద తనకే కోపం వచ్చేది.

చెవుల రోజు ఇంకో వారం ఉందనగా, భోజనాల వేళ టీచర్ బోర్డు తుడుస్తోంది. కిటికీ బయట, గోడ కింద పిచ్చుకా, దాని జట్టుగాడూ కూర్చుని ఉన్నారు. వాడిని అందరూ లౌడ్‌స్పీకర్ అంటారు. రహస్యం చెప్పినా రెండు గదులకి వినిపిస్తుంది.

"నువ్వు మాట్లాడకపోతే నిన్ను అవతలి బడికి పంపేస్తారంట. ఒక్క ముక్క మాట్లాడెయ్యొచ్చుగా! నీకేం రాదా?" అన్నాడు వాడు.

"నాకు మొత్తం వచ్చు" అంది పిచ్చుక. "బయటికి తియ్యను, అంతే."

"ఎందుకు?"

"తీస్తే అలవాటైపోతుంది. అది అలవాటైతే మనది పోతుంది."

"పోవడమేంటి, ఎక్కడికి?"

"ఏమో. టీచర్‌కి పోలేదా?" పిచ్చుక గొంతు తగ్గించింది. తగ్గించాల్సిన పనిలేదు కదా అని గుర్తొచ్చి మళ్ళీ పెంచింది. "టీచర్ చిన్నప్పుడు మా అమ్మమ్మ వీధిలోనే ఉండేదంట. మనలాగే మాట్లాడేదంట. అప్పట్లో పెద్ద మాటకారంట! ఇప్పుడు చూడు. మా అమ్మమ్మ రోజూ బాగున్నావా అని అడుగుతుంది, ఆవిడ నోట మన మాట ఒక్కటీ రాదు, ఆ భాషే వస్తుంది. ఇంటికెళ్తూ అమ్మమ్మ అంటుంది, అయ్యో పాపం, ఆ భాష వచ్చి దీని భాష పోయిందే అని. మా అమ్మమ్మకి మన భాష ఒక్కటే వచ్చు. అమ్మ వచ్చేసరికి రాత్రవుతుంది. నాకూ పోయిందనుకో, మా అమ్మమ్మ ఎవరితో మాట్లాడుతుంది? కుట్టు మిషన్‌తోనా?"

లౌడ్‌స్పీకర్ తన డబ్బాలోని లడ్డూ సగం విరిచి దాని చేతిలో పెట్టాడు.

బోర్డు దగ్గర టీచర్‌కి అంతా వినపడింది. అప్పటికే తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది. పిల్ల నోటికి తాళం వేసింది బిడియం కాదు, మొండితనం కాదు. తనే. ప్రతి సాయంత్రం గేటు దగ్గర నిలబడి, చేతులారా ఆ తాళం బిగిస్తూ వచ్చింది. ఈసారి బీరువాలో తల దూర్చింది నవ్వు దాచుకోవడానికి కాదు.

ఆ రాత్రి అత్తగారు విషయమంతా విని, "ఇంత దానికి ఇంత బెంగా? రేపు పొద్దున్నే వాళ్ళింటికి పోయి, ఆ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నాకు వచ్చే తల్లీ అని చెప్పెయ్" అంది.

"చేతిలో చెయ్యి వేశానత్తయ్యా. పైగా పిచ్చుకకి చెప్తే లౌడ్‌స్పీకర్‌కి చెప్పినట్టే. లౌడ్‌స్పీకర్‌కి తెలిస్తే ఇంక తరగతిలో ఎవరు స్పానిష్ మాట్లాడతారు?"

"అయితే మీ పెద్దావిడనే అడుగు. నోరుంది కదా, కనీసం ఆవిడ దగ్గరన్నా వాడు."

అడిగింది. పెద్ద టీచరమ్మ మంచిది కాకపోతే సులువుగా ఉండేది, తిట్టుకుని ఊరుకోవచ్చు. ఆవిడ అంతా ఓపిగ్గా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మెల్లగా చెప్పింది. "నాకూ ఆ పిల్లంటే ఇష్టమేనమ్మా. కానీ ఒక పిల్ల కోసం గీత చెరిపితే రేపు ఇంకో పిల్ల కోసం చెరపాలి. బకెట్‌కి చిన్న చిల్లి చాలు. ఇంకేదన్నా దారి చూడండి. మీరు తెలివైనవాళ్ళు."

ఇంకే దారీ కనపడలేదు. తెలివైనవాళ్ళన్న మాటొకటి మాత్రం మిగిలింది.

చెవుల రోజు రానే వచ్చింది. టీచర్ గదిలో కూరగాయల దుకాణం పెట్టించింది. నిజం టమాటాలు, నిజం ఉల్లిపాయలు, ఒక ముసలి సొరకాయ, తక్కెడ. డబ్బులకి బదులు గుండీలు. ఆ గుండీలు పిచ్చుక వాళ్ళ అమ్మమ్మ పంపినవే, రంగురంగులవి, డబ్బా నిండా. బేరాలాడాలంటే నోరు ఊరికే ఉండదని టీచర్ ఆశ. సొంత అనుభవంలో బజార్లో నోరు మూసుకుని ఉండటమెంత కష్టమో ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు?

పెద్ద టీచరమ్మ వచ్చి, చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది. దుకాణం ఊపందుకుంది. లౌడ్‌స్పీకర్ ఉల్లిపాయలు కుళ్ళాయని స్పానిష్‌లో యాగీ చేశాడు. అమ్మే పిల్ల నువ్వే కుళ్ళావంది. ఇద్దరు సొరకాయ కోసం కొట్టుకున్నారు, అది కూడా స్పానిష్‌లోనే. పెద్ద టీచరమ్మ ఒక్కొక్కరి నోట మాట పడగానే తల చిన్నగా ఊపుతోంది. ఒక్కో పిల్లా గట్టున పడుతున్నట్టు టీచర్‌కి ఊపిరి తేలికవుతోంది. పిచ్చుక మాత్రం బుట్ట పట్టుకుని దుకాణమంతా తిరిగింది. టమాటాని వేలితో చూపించింది. పచ్చ గుండీ ఇచ్చింది. టమాటా తీసుకుంది. తల వంచి దణ్ణం కూడా పెట్టింది. మాట మాత్రం లేదు. టీచర్ తను బజార్లో చేసే సైగలన్నీ ఆ పిల్ల చేతుల్లో చూసి కుంగిపోయింది.

గంట మోగింది. పెద్ద టీచరమ్మ కుర్చీలోంచి బయటపడి, పోతూ పోతూ పిచ్చుక తల నిమిరింది. ఆ నిమరడంతోనే టీచర్‌కి విషయం అర్థమైపోయింది. పెద్ద టీచరమ్మ గీత దాటి వరండాలోకి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత జరిగింది ఆలోచించి చేసింది కాదు. టీచర్ వెళ్ళి పిచ్చుక ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. దాని రెండు చేతులూ పట్టుకుంది, టమాటాతో సహా.

"పిచ్చుకా, నా భాష ఎక్కడికీ పోలేదమ్మా" అంది.

ఇంటి భాషలో.

పిచ్చుక కళ్ళు గుండీలంత అయ్యాయి.

"ఒక్క ముక్క కూడా పోలేదు. అన్నీ ఉన్నాయి. మీ అమ్మమ్మ నాకు గౌను కుట్టింది, నీలం రంగుది. గౌనుకి జేబులేంటే, ఆడపిల్లవి, అంది మా అమ్మ. నాకు జేబులు కావాలని మీ ఇంటి అరుగు మీద కూర్చుని ఏడ్చాను. మీ అమ్మమ్మ మా అమ్మకి తెలీకుండా రెండు పెట్టింది. ఒకటి సుద్దముక్కలకి. రెండోది దేనికే అంటే, ఏమీ లేనప్పుడు చెయ్యి పెట్టుకోవడానికి అన్నాను. మీ అమ్మమ్మ పడీ పడీ నవ్వింది. చూశావా, ఒక్క మాట మర్చిపోయానా? స్పానిష్ లోపలికి వస్తే మనది బయటికి పోదమ్మా. అదీ ఉంటుంది, ఇదీ ఉంటుంది. అందుకే కదా దేవుడు..." అంటూ ఏదో అనబోయి, ఏడాదిగా కట్టేసిన నోరు కదా, ఆగలేక, జుట్టు గురించీ బస్సు కిటికీ గురించీ పక్కింటాయన కుక్క గురించీ తనకి అంతా తెలుసని కూడా చెప్పేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలీదు.

లౌడ్‌స్పీకర్ పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. "చూశావా! మన దగ్గర విని విని టీచర్ మన భాష నేర్చేసుకుంది! ఎంత బాగా మాట్లాడుతోందో! మనమే నేర్పాం!" అని గుసగుసలాడాడు. ఆ గుసగుస జపనీస్ గదిదాకా వెళ్ళింది.

పిచ్చుక మాత్రం అవేవీ వినడం లేదు. ముందు టీచర్ నోటినే చూసింది, ఆ నోట్లోంచి అమ్మమ్మ మాటలు వస్తుంటే. తర్వాత దాని చూపు టీచర్ భుజం మీదుగా తలుపు వైపు వెళ్ళింది. వెళ్ళి, అక్కడే బిగుసుకుపోయింది. గీత మీద పెద్ద టీచరమ్మ నిలబడి ఉంది. చిన్న కుర్చీ మీద కళ్ళజోడు మర్చిపోయి, దానికోసం తిరిగొచ్చింది.

టీచర్‌కి వెనక ఏముందో తెలీదు. "మీ అమ్మమ్మకి కూడా చెప్పు, నేను..." అంటూనే ఉంది.

పిచ్చుక టమాటా వదిలేసింది. రెండు చేతుల్తోనూ టీచర్ నోరు మూసింది.

"సిలెన్సియో, పోర్ ఫవోర్!" అంది. దయచేసి నిశ్శబ్దం అని. టీచర్ రోజూ తరగతిని ఎలా అదిలిస్తుందో అచ్చం అలాగే, కనుబొమ్మతో సహా. ఆ వెంటనే స్పానిష్‌లో, ఎక్కడా తడబడకుండా, "పెద్ద టీచరమ్మ తలుపు దగ్గర ఉన్నారు. ఆ భాష మాట్లాడకండి. మిమ్మల్ని కూడా అవతలి బడికి పంపేస్తారు!" అంది.

టీచర్ తల తిప్పి చూసింది. తనకి కలిగింది భయమో సంతోషమో తేల్చుకునే తీరిక పిచ్చుక ఇవ్వలేదు. నేల మీద దొర్లుతున్న టమాటాని చటుక్కున తీసి, గౌనుకి తుడిచి, పరిగెత్తుకెళ్ళి పెద్ద టీచరమ్మ దారికి అడ్డంగా నిలబడింది. ఇంక మొదలెట్టింది. నమస్కారమండీ, రండి, టమాటాలు కావాలా, ఇవాళ పొద్దున్నే కోసినవి, ఇది కొంచెం నలిగింది కానీ లోపల బాగుంటుంది, ఉల్లిపాయలు వద్దండీ వాడు చెప్పినట్టు కుళ్ళాయి, సొరకాయ ముసలిది, మా అమ్మమ్మలాంటి ముసలి కాదు, మా అమ్మమ్మ గట్టిగా ఉంటుంది, గుండీలు తెచ్చారా, లేకపోతే రేపివ్వండి! అంతా స్పానిష్. ఏడాదిపాటు లోపల దాచిందంతా గంపలకొద్దీ కుమ్మరించింది. టీచర్ చేసిన నేరాన్ని మాటలతో కప్పెట్టెయ్యాలని దాని తాపత్రయం. మిగతా పిల్లలకీ సంగతి అర్థమై తలా ఒక కూరగాయా పట్టుకుని పెద్ద టీచరమ్మని చుట్టుముట్టారు.

ఆవిడ పిల్లల మధ్య నుంచి మెల్లగా నడిచి, కుర్చీ మీది కళ్ళజోడు తీసి పెట్టుకుంది. పిచ్చుక చేతిలోంచి నలిగిన టమాటా తీసుకుంది. తన కోటుకున్న గుండీ ఒకటి, ఎప్పట్నుంచో దారానికి వేలాడుతున్నది, తెంపి దాని చేతిలో పెట్టింది. అప్పుడు టీచర్ వైపు తిరిగింది. టీచర్ ఇంకా మోకాళ్ళ మీదే ఉంది.

పెద్ద టీచరమ్మ దగ్గరికొచ్చి, పిల్లలకి వినపడకుండా అంది. "నాకొక జబ్బుందమ్మా. కళ్ళజోడు లేకపోతే చెవులు సరిగ్గా పనిచెయ్యవు. జోడు పెట్టుకోకముందు విన్నది నేను లెక్కలోకి తీసుకోను. పెట్టుకున్నాక విన్నదే లెక్క." పిచ్చుక వైపు గడ్డంతో చూపించింది. "ఆ పిల్ల ఇంకా ఆపలేదు, చూశారా?"

చూసింది. పిచ్చుక లౌడ్‌స్పీకర్‌కి స్పానిష్‌లో మాట్లాడే అవకాశం ఇవ్వకుండా స్పానిష్ మాట్లాడుతోంది. టీచర్‌కి ఆ గోల కంటే తియ్యటిది ఇంతవరకూ ఏదీ వినలేదనిపించింది.

సాయంత్రం గేటు దగ్గర ఎప్పటిలాగే రద్దీ. సైకిళ్ళు, సంచులు, ఒక చెప్పు పోయిందని ఏడ్చేవాళ్ళు. పెద్ద టీచరమ్మ తన మామూలు చోటులో నిలబడి ఉంది, కళ్ళజోడు పెట్టుకునే. అమ్మమ్మ వచ్చింది, మెడలో టేపుతో. ఆవిడ అలవాటు ప్రకారం, జవాబు రాదని తెలిసి కూడా, "ఏమ్మా, బాగున్నావా?" అని పలకరించింది.

టీచర్ పెద్ద టీచరమ్మ వైపు చూసింది. చేతిలో వేసిన చెయ్యి గుర్తొచ్చింది. అమ్మమ్మ మొహంలోకి చూసింది. గొంతులో అన్ని మాటలూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, చివరికి పాత జవాబే బయటికొచ్చింది.

"ముయ్ బియెన్, గ్రాసియాస్."

అమ్మమ్మ ఎప్పటిలాగే తల ఊపి కదలబోయింది. పిచ్చుక ఆవిడ వేలు పట్టి ఆపింది.

"అమ్మమ్మా, టీచర్ ఏమన్నారో నేను చెప్తాను. నాకు ఆ భాష వచ్చుగా" అంది. గొంతు సవరించుకుంది. "బాగున్నానంటున్నారు. నువ్వెలా ఉన్నావని అడుగుతున్నారు. నువ్వు కుట్టిన నీలం గౌను ఇంకా గుర్తుందంట. రెండు జేబులు కూడా. ఒకటి సుద్దముక్కలకి, రెండోది ఏమీ లేనప్పుడు చెయ్యి పెట్టుకోవడానికి. రోజూ నువ్వు పలకరిస్తే సరిగ్గా మాట్లాడలేకపోయానని బాధగా ఉందంట. నిన్నెప్పుడూ మర్చిపోలేదంట."

అమ్మమ్మ కదల్లేదు. టేపు కొస పట్టుకుని టీచర్ వైపే చూసింది. టీచర్ నోరు మెదపలేదు, కానీ కళ్ళు ఆ నియమానికి కట్టుబడి ఉండలేకపోయాయి. అమ్మమ్మకి ఆ జేబుల సంగతి తనకీ అప్పుడు అరుగు మీద ఏడ్చిన ఆ చిన్నపిల్లకీ తప్ప మూడోవాళ్ళకి తెలీదని బాగా గుర్తుంది.

ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, మనవరాలి వైపు అనుమానంగా చూసింది. "ఆవిడ అన్నది రెండే ముక్కలు కదే. అందులో ఇంత ఉందా?"

"ఆ భాష అంతే అమ్మమ్మా" అంది పిచ్చుక. "పదా, దారిలో నీకూ నేర్పుతాను."